పసుపాకు పురుగు నేర్పిన దాగుడుమూతలు

మా చిన్నప్పుడు... సూదుల నర్సమ్మగారి సైకిలు గంట కాలవగట్టు మీద మోగిందంటే చాలు, మా పేటలో పిల్లన్నవాడు కనపడేవాడు కాదు. కొబ్బరిచెట్లు, కోళ్లు, పెద్దవాళ్లు... అంతే.

నా చోటు నాకుండేది. వసారా మూలన చుట్టి నిలబెట్టిన పెద్ద తుంగచాప. అందులో దూరి నిలబడితే దేవుడిక్కూడా దొరకను. (నవ్వకండి... ఇప్పుడు నన్ను చుట్టాలంటే రెండు చాపలు కావాలి.) ఊరికే నిలబడితే తోచదు కదా, జేబులో వేయించిన పనసపిక్కలు... ఒలవడం, తినడం, తొక్కలు కిందకి వదలడం.

ఒకరోజు నర్సమ్మగారు వసారాలోకి వచ్చారు. నేల చూశారు. చాప చూశారు.

"ఏవండీ మామ్మగారూ... మీ చాప పనసపిక్కలు తింటుందేంటండీ?"

"ఆయ్... ఈ మధ్యే మరిగిందండి," అంది మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ. మనవణ్ణి కాపాడాలన్న ఆలోచనే లేదు ఆవిడకి!

సూది పడింది. గాదె వెనక నక్కిన మా బాబయ్యగారి సత్తిబాబు మాత్రం దొరకలేదు. పైగా ఆవిడ వెళ్లేక బయటికొచ్చి, "ఏరా చాపా, నొప్పెట్టిందా?" అని ఒకటే ఇకిలింపు.

ఆ సాయంత్రం మండే జబ్బ పట్టుకుని పెరట్లో పసుపుమడి దగ్గర కూర్చున్నాను. ఒక మొక్క కాండానికి కన్నం... కన్నం ముందు పురుగు పెంటికలు కుప్పగా. చీమంత కందిరీగ ఒకటి ఆ కుప్పని మీసాలతో తడిమి, తోకలో ఉన్న సూది తీసి కన్నంలోకి దించింది. అచ్చం నర్సమ్మగారే!

"పురుగు ఒంట్లో గుడ్లెడతందిరా. పిల్లలు లోపలే పుట్టి, దాన్నే తినేసి బయటికొస్తాయి," అంది మామ్మ, తాపీగా కూర తరుగుతూ. నా జబ్బ ఒకసారి తడిమి చూసుకున్నాను.

పక్క మొక్కకి ఒక ఆకు చుట్ట చుట్టుకుని ఉంది, దారాలతో కుట్టినట్టు... మా చాపలాగే. లోపల ఆకుపచ్చ పురుగు. చూస్తుండగానే వెనక్కి జరిగి, ముడ్డి బయట పెట్టి... టప్! పెంటిక ఎగిరి అవతల మడిలో పడింది. తిన్నది ఇక్కడ, ఆనవాలు అక్కడ. కందిరీగ అవతల మడిలో వెతుక్కుంటోంది.

అంతే, నాకు బుర్ర వెలిగింది.

కొన్నాళ్లకి మళ్లీ గంట మోగింది. నేను చాపలో, సత్తిబాబు గాదె వెనక. ఈసారి ఒలిచిన తొక్క ఒలిచినట్టే చాప మీంచి గాదె వైపు విసిరాను... టప్, టప్.

"మామ్మగారూ, చాప మానేసిందండీ... గాదె మొదలెట్టింది!"

"నేను కాదండీ బాబూ! నాకసలు పనసపిక్కలు పడవండీ!" అని సత్తిబాబు గోల. ఎవరు వింటారు?

వెళ్తూ వెళ్తూ ఆవిడ చాప మీద వేలితో తట్టారు. ఆకు కదిలితే పురుగెలా బిగుసుకుపోతుందో అలా బిగుసుకుపోయాను. సైకిలు కదిలింది. గెలిచాను!

కానీ చాప సందులోంచి చూద్దును కదా... వాడి ఏడుపు ఆపడానికి మామ్మ పెట్టె తీసి, నెయ్యి కారే పూతరేకు చేతిలో పెట్టింది. వాడు సరిగ్గా నా చాప ఎదురుగానే కూర్చుని, పొర పొరా విప్పుకుని తింటున్నాడు.

"మామ్మా, నాకో?" అన్నాను తల బయటపెట్టి.

"సూది పడినోళ్లకేరా."

చొక్కా చెయ్యి మడుచుకుంటూ గట్టెమ్మట పరుగు... "నర్సమ్మగారండీ! ఆగండీ! నేను మిగిలిపోయానండీ!"

ఆవిడ సైకిలు దిగి, నవ్వాపుకుంటూ పెట్టె తెరిచారు. "రండి చాపగారూ... మీకోసమే చూస్తన్నానండి."

ఇప్పుడు పసుపుమడిలో మందు కొడుతున్నారు... చుట్టుకున్న ఆకూ లేదు, వెతికే కందిరీగా లేదు. మా పిల్లలు ఫోన్ చూసుకుంటూ చెయ్యి చాపేస్తున్నారు. నాకేమో షుగరు. రోజూ పొద్దున్నే నా సూది నేనే పొడుచుకుంటాను... గంట మోగదు, ఎవరూ వెతకరు. పెట్టెలో పూతరేకులున్నా మా ఆవిడ ముట్టనివ్వదు.

మీరెక్కడ దాక్కునేవారండీ? మిమ్మల్ని పట్టిచ్చిన తొక్కలేంటో కింద రాయండి... సత్తిబాబూ, నువ్వు మాత్రం రాయకు. ఒక పూతరేకు తెచ్చి, మా ఆవిడ చూడకుండా ఆ చాపలో పెట్టి వెళ్లు.