ఓదెలు వదలని వీడియో గేమ్

మా ఓదెలుకు ఒక్కటే పిచ్చి. సరిగ్గా పనిచేయని తన వీడియో గేమ్‌ను ఎవరేమన్నా వెనకేసుకొచ్చేవాడు. 1999లో పటాన్‌చెరులో ఇద్దరం ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్లం.

ఆ పెట్టెను టీవీకి తగిలించగానే తెరంతా చారలు. క్యాసెట్ తీసి ఊదాలి, మళ్లీ పెట్టాలి, పెట్టె వీపున ఒక్కటి చరచాలి. అప్పుడు బొమ్మ వచ్చేది. వచ్చిన బొమ్మ ఆట మధ్యలో ఆగిపోయేది.

"దీన్ని పాత సామానోనికి ఇచ్చెయ్‌రాదు," అన్నాను.

"నీకు జరమొస్తే నిన్ను గూడ ఇచ్చెయ్యాల్నా?" అన్నాడు ఓదెలు.

ఎండాకాలం ఫ్యాను దానికే. మేం చెమటలు కక్కుతూ ఆడేవాళ్లం. ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడిలో దాని పేరున అర్చన కూడా చేయించబోయాడు. అయ్యగారు గోత్రం అడిగేసరికి వెనక్కి తగ్గాడు.

మాతో ఆడే మూడో మనిషి పక్కింటి బాలప్ప. రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్ కింద నలిగి ఆయన కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. వాటితోపాటే పనీ పోయింది. భార్య ముత్యమ్మ బిస్కెట్ల కంపెనీకి పోతే, ఆయన చేతికి తువ్వాలు చుట్టుకుని గడపలో కూర్చునేవాడు. ఫ్యాక్టరీ సైరన్ మోగినప్పుడల్లా లేచి నిలబడి, మళ్లీ కూర్చునేవాడు. అది చూడలేక ఓదెలే ఆయన్ని ఆటకు లాక్కొచ్చాడు.

దసరాకు నేను కొత్త పెట్టె కొన్నాను. అది ఒక్కసారి కూడా ఆగలేదు. కార్ల పందెంలో బాలప్ప వరసగా ఏడు ఆటలు ఓడాడు. రిమోట్ కింద పెట్టి, మిగిలిన రెండు వేళ్లకేసి చూసుకున్నాడు.

"ముత్యమ్మ పిలిసినట్టున్నది," అని లేచిపోయాడు.

ముత్యమ్మ అప్పుడు డ్యూటీలో ఉంది. నాలుగు రోజులు బాలప్ప మా గడప తొక్కలేదు.

అయిదో రోజు ఓదెలు నా కొత్త పెట్టెను అటక మీద పడేసి, ఆయన దగ్గరికి వెళ్లాడు. "కొత్తది ఖరాబైందన్నా. మన పాతదే నయం. జెర రా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. బాలప్ప కారు వెనకబడింది. ఓదెలు కాలి బొటనవేలు మెల్లగా పాకి, పెట్టె వైరును తన్నింది. బొమ్మ ఆగిపోయింది.

"థూ, మళ్ల ఆగింది. ఈ ఆట లెక్కల్లేదన్నా," అన్నాడు ఓదెలు.

ఇన్నాళ్లూ ఆ పెట్టెను నేను తిట్టిన తిట్లలో సగం వీడికి చెందాల్సినవని అప్పుడు తెలిసింది. లేచి బయటికెళ్లి నీళ్లు తాగొచ్చాను.

కొన్నాళ్లకు, ఓదెలు డ్యూటీలో ఉండగా, నేనూ బాలప్పా ఆడుతున్నాం. ఆయన ఓడేలా ఉన్నాడు. నేను మెల్లగా కాలు చాపాను.

"కాలు ఎనుకకు తీస్కో యాదగిరీ," అన్నాడు బాలప్ప, తెర మీంచి చూపు తిప్పకుండా. "నీకు ఓదెలు లెక్క తన్నుడు రాదు."

"నీకు ఎరుకేనా అన్నా?"

"మొదటి దినం నుంచే ఎరుక. వానికి చెప్పకు. పాపం, మస్తు కష్టపడి తంతుండు."