తుపాను కబురొచ్చిన రోజు చెరకురసం

అనకాపల్లి అవతల, కొండ కింద మా అత్తవారి ఊరు. పంతొమ్మిదివందల నలభైలలో నేను అక్కడ కొత్త కోడలిని. అత్తగారంటే హడలు.

ఆ చలికాలం ఒక పొద్దున, చేపలమ్మే ఆవిడ గంప దించకుండానే కబురు చెప్పింది. "సముద్రంలో తుపాను లేసిందంటమ్మా. పడవలన్నీ ఒడ్డుకి లాగీసేరు. సాయంత్రానికి ఇక్కడికీ వచ్చేత్తాది."

అప్పటికే బెల్లం వండడానికి తోటలో చెరకు ఆడేశారు. రసం కుండల్లో నిండుగా ఉంది. పొయ్యి వెలిగించేలోపే జల్లు మొదలైంది. ఇక ఆ రసం పులిసిపోవడమే.

"పారబోత్తామేటి? అందరూ తాగీయండి," అన్నారు అత్తగారు.

ఊరంతా చెంబులతో వచ్చింది. తాగి తాగి నాకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నన్ను కసరబోయిన అత్తగారికీ ఎక్కిళ్లే. ఇంతలో ఈదురుగాలి తోటలోని పాక మీది తాటాకుల్ని ఎగరేసుకుపోయింది. గట్టుకు ఆనించి ఉన్న, బెల్లం వండే పెద్ద ఇనప పెనం కిందికి ఇద్దరం దూరాం. లోపల మా ఎక్కిళ్లు గంటల్లా మోగుతుంటే నవ్వు ఆగలేదు.

"నీకు నవ్వడం కూడా వచ్చేటే?" అన్నారావిడ, కళ్లు తుడుచుకుంటూ.

"మీకొచ్చని నాకూ ఇప్పుడే తెలిసిందత్తా."

ఆవిడ నా భుజం మీద వాలిపోయి మరీ నవ్వారు. వాన వెలిసి మామగారు వెతుక్కుంటూ వచ్చేదాకా మేం బయటికి రాలేదు.