పవర్ ఆఫ్ అటార్నీ, పదిహేడో ఎక్కం

హైదరాబాదులో మా ఫ్లాట్ రిజిస్ట్రేషన్ గురువారం. ఆ రోజు తప్పితే ఇంకొకరికి ఇచ్చేస్తానని బిల్డరు తేల్చి చెప్పాడు. దోహాలో నాకు సెలవు దొరకలేదు. నా బదులు సంతకం పెట్టే అధికారాన్ని ఊళ్ళో ఉన్న మా ఆవిడకు రాసివ్వాలి.

ప్లీడరు నాలుగు పేజీలు టైపు చేయించి, ఒక ఉత్తరం జతచేశాడు: "మీకు మతి స్థిమితంగా ఉన్నంతవరకే ఇది చెల్లుతుంది. ఈ సంగతి మీ శ్రీమతిగారికీ చెప్పాను."

అంతే, నా మతి మీద నాకు అనుమానం పట్టుకుంది. పళ్ళు తోముకుంటూ పదిహేడో ఎక్కం చెప్పుకున్నాను. పదిహేడు తొమ్మిదుల దగ్గర ఆగిపోయాను. చెమటతో స్నానం అక్కడే అయిపోయింది.

ఆదివారం కంపెనీని బతిమాలి పాస్‌పోర్టు తెచ్చుకుని, కాగితం మీద ముద్ర కోసం ఇద్దరు సాక్షులతో ఎంబసీకి వెళ్ళాను. ఒకాయన మా ఆఫీసాయన. ఆ సాయంత్రం విమానంలో కాగితం తీసుకెళ్ళేదీ ఆయనే. రెండో అతను కడప జిల్లావాడు, అబూ హమూర్‌లో ఒక ఇంటి డ్రైవరు.

అధికారి పేజీలు తిప్పాడు. "ఈ సంతకాలు ఎప్పుడు పెట్టారు?"

"నిన్ననే సార్! మీకు శ్రమ ఎందుకని."

"నా కళ్ళముందు పెట్టాలి. మళ్ళీ టైపు చేయించుకురండి. పన్నెండుకు కౌంటరు మూసేస్తాం."

"ఏంది సార్, సదువుకున్నోళ్ళు!" అన్నాడు డ్రైవరు. "ఏలిముద్రగాడైతే ఇంకు డబ్బా కోసమన్నా ఈడికే వచ్చేటోడు గదా!"

అల్ ముంతజాలో టైపు కొట్టుకు పరుగెత్తాం. ఆ టైపిస్టు ఒక్కో అక్షరాన్నీ అనుమతి అడిగి కొడుతున్నట్టుంది. తిరిగొచ్చేసరికి పన్నెండుకు పది నిమిషాలు. నా చెయ్యి ఎంత వణికిందంటే, సిరాలో పడ్డ బల్లి కాగితం మీదుగా పారిపోయినట్టొచ్చింది సంతకం.

అధికారి పాస్‌పోర్టులోని సంతకం వంక చూశాడు. "ఇది అదేనా?"



"ఆయనే పెట్న్యాడు సార్, మీరూ చూసినారు గదా," అన్నాడు డ్రైవరు. "భయానికి చెయ్యి వణికింది, అంతే. యల్లా సార్, తొందరగా కానీండి, నేను పిల్లోళ్ళ కోసం ఇస్కూలు కాడికి పోవాల, లేటయితే మా మేడం నన్ను ఊరికి పంపిస్తాది."

అధికారి నవ్వి, కింద ఇంకోసారి నిదానంగా పెట్టించుకుని, ముద్ర కొట్టాడు.

కాగితం విమానంలో ఎగిరిపోయింది గాని, గురువారం దాకా నా మతిని నేనే కాపలా కాయాలి. నాలుగు రోజులూ అదే ఎక్కం. గురువారం మధ్యాహ్నం ఫోను మోగగానే ఎత్తి, హలో బదులు "పదిహేడు తొమ్మిదులు నూటయాభై మూడు!" అన్నాను.



"రిజిస్ట్రేషన్ అయిపోయిందండీ," అంది మా ఆవిడ. "ఇక మీ మతి, మీ ఇష్టం."