సూరత్‌లో రెండుసార్లు వీడ్కోలు

వ్యారా బస్టాండులో ఉదయం ఎనిమిదికి సూరత్ వెళ్లే ఎస్టీ బస్సు ఎక్కాము. ఎస్టీ అంటే గుజరాత్ వారి ఆర్టీసీ. వేసవిలో ఈ దారిన వెళ్లేవారు ఎడమవైపు కిటికీ పట్టుకోండి, పొద్దుటి ఎండ కుడివైపు పడుతుంది. ఈ సంగతి నాకు మార్తక్క చెప్పింది. చెప్పి, ఎడమవైపు కిటికీ దగ్గర తనే కూర్చుంది.

నాది మంచిర్యాల. ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. కరోనా వల్ల రెండేళ్లు ఆగిపోయిన పిల్లల బైబిలు క్యాంపును 2022 వేసవిలో మళ్లీ పెడుతున్నామని, తెలుగు వచ్చినవాళ్లు కావాలని సూరత్‌లోని ఒక తెలుగు చర్చి నుంచి కబురొచ్చింది. ఉధ్నాలో మరమగ్గాల మీద పనిచేసే మనవాళ్ల పిల్లలను ఊరి వేడికి దూరంగా, వ్యారా దగ్గర ఒక హాస్టల్లో నెల రోజులు ఉంచారు. మమ్మల్ని కౌన్సిలర్లు అనేవారు. వార్డు కౌన్సిలర్లు అనుకునేరు! పిల్లలను నిద్ర లేపడం, పాటలు నేర్పడం, తలలో పేలు చూడడం మా పదవి బాధ్యతలు. వాటికి తోడు నాకు కరోనా జాగ్రత్తల శాఖ కూడా అప్పగించి, మెడలో ఒక విజిల్ వేశారు. ఎవరు ఎవరికి దగ్గరగా కూర్చున్నా ఊదేదాన్ని. నెల తిరిగేసరికి నన్ను చూస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే దూరం జరిగేవారు. అది క్రమశిక్షణ అనుకున్నాను.

పిల్లలు ముందురోజే వెళ్లిపోయారు. మిగిలిన మేం ముగ్గురం ఆ బస్సులో ఉన్నాము. మార్తక్క రిటైరైన నర్సు. కరీంనగర్ వైపు నుంచి పెళ్లయిన కొత్తలో సూరత్ వచ్చింది. భర్త పోయాక ఉధ్నాలో ఒంటరిగా ఉంటోంది. క్యాంపు అంతా ఆమె గొంతుకు భయపడేది, వంటవాళ్లతో సహా. మూడో మనిషి స్టీఫెన్. ఉధ్నాలోనే పుట్టి పెరిగిన తెలుగు కుర్రవాడు, రింగ్ రోడ్‌లో చీరల హోల్‌సేల్ దుకాణంలో పని. ఒకే వాక్యాన్ని తెలుగులో మొదలుపెట్టి, హిందీలో మలుపు తిప్పి, గుజరాతీలో దిగిపోతాడు.

బార్డోలీ దాకా దారికి రెండువైపులా చెరకు తోటలే. క్యాంపు పాటలు సన్నగా పాడుకుంటున్నాము. ముందు సీటులో మామిడిపళ్ల బుట్టతో ఉన్న ఒకావిడ వెనక్కి తిరిగి, “తమే భజన్ మండళీవాళా ఛో?” అని అడిగింది.

“హా మాసీ,” అన్నాడు స్టీఫెన్. “కానీ ఈ అక్క పాడితే దేవుడు కూడా మాస్క్ పెట్టుకుంటాడు, చెవులకు!”

ఆ అక్కను నేనే. గొంతు బొంగురుపోయి రెండు రోజులైంది. నెలంతా అరిచిన ఫలితం అనుకున్నాను.

పది దాటాక సూరత్‌లో దిగాము. బస్టాండు, రైల్వేస్టేషను పక్కపక్కనే, సామాను మోసుకుపోవచ్చు. నా బండి మధ్యాహ్నం. వారానికోసారి నడిచే వేసవి ప్రత్యేక బండి, బల్హార్షా మీదుగా పోతుంది. ఈలోగా స్టీఫెన్ లోచో తినిపించాడు. శెనగపిండిని ఆవిరిమీద ఉడికించి, పైన నూనె, సన్న కారప్పూసలాంటి సేవు, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తారు. చూడడానికి చెదిరిన ఢోక్లాలా ఉంటుంది గానీ రుచి అమోఘం. నాకు మాత్రం ఆరోజు రుచే తెలియలేదు. “ఉప్పు తక్కువైంది,” అన్నాను. “నీ నోట్లెనే తక్కువైనట్టున్నది,” అంది మార్తక్క.

ప్లాట్‌ఫారం మీద మా వీడ్కోలు ఘనంగా జరిగింది. స్టీఫెన్ దుపట్టా ఒకటి బహూకరించి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. నేను కన్నీళ్లు పెట్టుకుని, మీవంటివారిని జీవితంలో చూడలేదన్నాను. అప్పుడు మార్తక్క గొంతు సవరించుకుంది.

“కరుణా, పోయేముందు ఒక్క మాట. నీ మీద నాకు నెలంత కోపముండె. ఇయ్యాల క్షమించిన. మనసుల ఏం పెట్టుకోకు.”

నా కన్నీళ్లు టక్కున ఆగిపోయాయి. కోపమా? దేనికి? అడిగేలోపే ఆమె నా తలమీద చేయి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. మార్తక్క దేవుడితో బైబిలు తెలుగులో మాట్లాడుతుంది, మనుషులతో కరీంనగర్ తెలుగులో.

“ప్రేమగల తండ్రీ, ఈ నీ కుమార్తె ప్రయాణమును ఆశీర్వదించుము. దొంగల నుండియు, రోగముల నుండియు…” ఆమె అరచేయి జారి నా నుదుటి మీదకు వచ్చింది. “ఏందే, ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది!”

ఆమెన్ కూడా అనలేదు. సంచిలోంచి టెస్టు కిట్టు తీసింది. ప్లాట్‌ఫారం చివర ఎవరూ లేని బెంచీమీద నన్ను కూర్చోబెట్టి ముక్కులో పుల్ల తిప్పింది. బండి వచ్చి ఆగేసరికి కిట్టు మీద రెండు గీతలు తేలాయి.

“లోచో హో గయా,” అన్నాడు స్టీఫెన్. ఆ మాటకు గడబిడ అనే అర్థం కూడా ఉందని అప్పుడే తెలిసింది. తరవాత రెండడుగులు వెనక్కి వేసి, నోట్లో వేళ్లు పెట్టి, అచ్చం నాలాగే విజిల్ ఊదాడు.

నా బండి నేను లేకుండానే వెళ్లిపోయింది. మా ఇంట్లో అక్క బాలింత, చంటిపాప పుట్టి నెల కూడా కాలేదు. హోటల్‌కు పోతానన్నాను.

“హోటల్ల నీకు గంజి ఎవలు పోస్తరు? నడువ్ మా ఇంటికి,” అంది మార్తక్క.

ఆటో అటూ ఇటూ తెరిచే ఉంటుంది గనక నన్ను వెనక ఒంటరిగా కూర్చోబెట్టి, తను డ్రైవరు పక్కన ఇరుక్కుని వచ్చింది. ఉధ్నాలో ఆమెవి మేడమీద రెండు గదులు. కింద మరమగ్గాలు. ఆ చప్పుడుకు ముందు తలనొప్పి వస్తుంది. మూడోనాటికి చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. లోపలి గది నాకిచ్చి, ముందు గదిలో ఆమె పడుకుంది. ఆమెకు, స్టీఫెన్‌కు పరీక్షలో ఏమీ రాలేదు.

ఇక నా అవస్థ ఊహించండి. జీవితంలో మళ్లీ కలవం అనుకుని చెప్పాల్సినవన్నీ చెప్పేసుకున్న మనుషులం. ఇప్పుడు పూటపూటకూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. పైగా నేను క్షమాపణ పొందినదాన్ని, ఎందుకో తెలియనిదాన్ని.

“అక్కా, నా మీద కోపం దేనికి?” గుమ్మం ఇవతల నుంచి అడిగాను.

“క్షమించినన్న గద. మళ్ల ఎందుకు తవ్వుతున్నవ్? గంజి తాగు.”

స్టీఫెన్ రోజూ సాయంత్రం దుకాణం నుంచి వస్తూ కొబ్బరిబోండాం తెచ్చి, కింద సందులో నిలబడి అరిచేవాడు. “అక్కా! సోచా మైనే. నువ్వు గురకపెట్టినందుకే ఆమెకు కోపం!”

“గురక ఆమెదిరా!”

“ఐతే అది నువ్వు అందరికీ చెప్పినందుకు!”

చుట్టుపక్కల కిటికీల్లోంచి మగ్గాలవాళ్ల ఆడవాళ్లు నవ్వేవారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. పడుకుని నెల రోజులూ మనసులో తిరగేశాను. ఆమె వంతు పాట నేను పాడానా? ఆమె కథ చెబుతుంటే ఆవలించానా? ఏదీ తేలలేదు. కోపం ఉన్న మనిషి చేతి గంజి తాగడం కష్టం. క్షమించిన మనిషి చేతి గంజి ఇంకా కష్టం.

జ్వరం విడిచిన మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. మార్తక్క మాస్కు పెట్టుకుని లోపలికే వచ్చి, మంచం అంచున కూర్చుని, ఉత్త చేయి నా నుదుటిమీద పెట్టింది.

“అక్కా, దూరం…” అన్నాను అలవాటుగా.

“గదే. గా మాటకే నాకు కోపం,” అంది. చేయి తీయలేదు. “క్యాంపుల మొదటి రోజు ఆ చిన్నపిల్ల పింకీ, అమ్మ కావాలని ఏడ్వలే? ఒళ్లె కూసోబెట్టుకున్న. నువ్వొచ్చి అందరి ముంగట సీటీ ఊదినవ్. పిల్ల బెదిరి దిగిపోయింది. మళ్ల నా తాన్కి రాలే.”

నాకు లీలగా గుర్తొచ్చింది. ఆరోజు అలాంటివి ఎన్ని ఊదానో.

“సెకండ్ వేవ్‌ల వార్డు డ్యూటీ చేసిన. రిటైరయ్యే ముందు. పొయ్యేటోళ్ల చెయ్యి పట్టుకుంటుంటి, రెండు జతల గ్లవుజులేసుకొని. నా చెయ్యి వెచ్చగున్నదో సల్లగున్నదో వాళ్లకు తెల్వకుండనే పోయిన్రు. ఇంటికొస్తె ఎవ్వలు లేరు. గప్పటిసంది గా పిల్ల ఒక్కతే నా ఒళ్లె కూసున్నది.”

“నాకు రూలే కనబడింది అక్కా,” అన్నాను.

“రూలు మంచిదే. నువ్వు చేసిందాంట్ల తప్పు లేదు. గందుకే క్షమించుడు కష్టమైంది. తప్పు చేస్తే రెండు తిట్టి మరిచిపోదును.”

నేను ఆమె చేతిమీద నా చేయి వేశాను. కరెంటు వచ్చి మగ్గాలు మొదలయ్యేదాకా అలాగే ఉన్నాము. ఆమె చేయి వెచ్చగానే ఉంది. ఆ మాట ఆమెకు చెప్పాను. “నాకు తెల్వదా?” అని కసిరి, చారు పెట్టడానికి లేచింది.

ఆ సాయంత్రమే స్టీఫెన్‌తో పింకీ ఇల్లు ఎక్కడో వెతికించాను. మూడు సందుల అవతలేనట. పరీక్షలో నాకు ఒక్క గీతే వచ్చిన రోజు వాళ్లమ్మ పింకీని తీసుకొచ్చింది. ఆ పిల్ల గుమ్మంలో నన్ను చూసి, అలవాటు ప్రకారం గోడకు ఆనుకుని దూరంగా నిలబడింది. నా ఖాళీ మెడ చూపించాను. అప్పుడు మెల్లగా వెళ్లి మార్తక్క పక్కన కూర్చుంది. ఒళ్లోకి మాత్రం వెళ్లలేదు. మార్తక్క కూడా పిలవలేదు, జంతికల డబ్బా మూత తీసి మధ్యలో పెట్టింది. గంట తరవాత చూస్తే డబ్బా ఆమె ఒళ్లో ఉంది, డబ్బామీద పింకీ వాలి ఉంది.

మర్నాడే ఆ వారపు బండి. అది ఉధ్నాలో కూడా ఆగుతుంది, ఆ చుట్టుపక్కల ఉండేవారు సూరత్ స్టేషను దాకా పోనక్కరలేదు. ఈసారి ఉపన్యాసాలేవీ లేవు. దారికి కట్టిచ్చిన సర్వపిండి రొట్టెల్లో ఒకటి స్టీఫెన్ తినేశాడని మార్తక్క అతన్ని తిట్టడం, పెట్టె సీటు కింద పట్టదని నన్ను తిట్టడం, పట్టాక గొలుసు కట్టలేదని మళ్లీ తిట్టడం, ఇంతలో బండి కదిలింది. “మందులు ఇడిసిపెట్టకు! ఎవలన్న బిస్కట్ ఇస్తే తినకు! మీ అక్క బిడ్డను చేతులు కడుక్కోకుండ ముట్టకు!” అంటూ కిటికీ వెంబడి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచింది. స్టీఫెన్ ఆమె వెనక సర్వపిండి నములుతూ చేయి ఊపాడు. వెళ్లొస్తానన్న మాట నేను అననే లేదు.

చెరకు తోటలు వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాను. నెలన్నర కింద సూరత్ నాకు చీరల మార్కెట్టు, ఎండ, చప్పుడు. ఇప్పుడు మళ్లీ రావడానికి ఒక మేడ మెట్లు ఉన్నాయి. ఎదురు సీటులో జగిత్యాల పోతున్న ఒక పెద్దమ్మ అప్పటిదాకా నన్నే గమనిస్తోంది.

“మీ అమ్మనా బిడ్డా?”

“కాదు పెద్దమ్మా. నెల రోజులు కలిసి పనిచేశాం. తరవాత ఒక వారం కలిసి ఉన్నాం.”

ఆమెకు నమ్మకం కలగలేదు. “గట్లనా? తనకేం గాని మనిషిని ఎవలన్న గంతగనం తిడ్తరా?” అంది.