మంచుకొండకు అడ్డొచ్చిన ఆవకాయ

నిజాం రాజ్యం పోయిన మరుసటేడు, మిర్యాలగూడలో బియ్యం మిల్లున్న మా బావ మా చెల్లెల్ని ఫ్రాన్సుకూ, దాని పక్కనున్న స్విట్జర్లాండుకూ తీసుకుపోతానన్నాడు. సూర్యాపేటకొస్తేనే మా కొట్టుకు దారి అడిగే మనిషి ఆయన. అందుకని ప్రయాణం ఏర్పాటు నేనే చేతిలోకి తీసుకున్నాను. యూరప్ నాకు కొట్టిన పిండి. అంటే, బడి గోడమీది పటంలో చూశాను.

చెల్లెలికి పారిస్ అక్కర్లేదు. స్విట్జర్లాండులో మంచుకొండ చూడాలి, అంతే.

బావ బెంగ వేరు. "రెండు దేశాల నడుమ సుంకం నాకా ఉంటది గద. ఆవకాయ జాడీ ఎట్ల దాటిస్తం, బామ్మర్దీ?"

ఆయనకు తెలిసిన సరిహద్దల్లా కోదాడ దగ్గరి సుంకం నాకా. అక్కడి జవాను బియ్యం బస్తాల్లో పొడిచిన చువ్వనే జాడీలోనూ దించుతాడు. ఆ పచ్చడి ఇక మా ఇళ్లలో ఎవరూ ముట్టరు.

"జాడీ ఇంట్లనే పెట్టి పో, బావా."

"మరి గాడ ఏం తినాలె, నీ తలకాయా? ఓడకు నాకా ఉండది గద, ఫ్రాన్సు సూసి మల్లొస్తం. నాకా దాటేది లేదు."

ఇంత పిరికివాణ్ణి జిల్లాలో చూడలేదని నేను నవ్వుతుంటే, చెల్లెలు వంటింట్లోంచి వచ్చింది.

"మీ బావను జాడీ కాడనే కూసోనియ్యి, అన్నా. నీకన్ని తెలుసు గద. మనిద్దరం పోదాం."

నా నవ్వు ఆగిపోయింది. నేను కోదాడ దాటి ఎరగను. కాసేపు దగ్గి, "ఆవకాయ లేకుంటే నాకు గూడ ముద్ద దిగదు, చెల్లె" అన్నాను.

 ఆమె మా ఇద్దరికీ కంచాలు పెట్టి, వేడన్నం వడ్డించి, జాడీ ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.