సాగర్‌ను ఆపుకున్న వానకాలం

వానలు పడ్డయంటే సిద్ధిరాములు కాళ్ళు ఒక్కకాడ నిలవయి. భివండిల మనుషులందరు వానకు లోపలికి ఉరుకుతరు, ఈయన బయటికి ఉరుకుతడు. శాంతి నగర్ ఎనక ఉన్న కబడ్డీ మైదానం మోకాలు లోతు బురదయి బర్రెలు పొర్లుతుంటే, గొడుగు పట్టుకొని గట్టు మీద నిలబడి సూస్తడు. ఏం సూస్తడయ్యా అంటే ఏం లేదు. ఆట లేదు, కూత లేదు, పిలగాండ్లు లేరు. నేల ఆరేదాక ఇంతే. మనిషికి పిచ్చి లేస్తది.

ఆ యేడు పిచ్చి ఇంకింత ఎక్కువైంది. చలికాలమంత ఆయన టీము ఎదురొచ్చినోన్నల్లా మట్టి కరిపిచ్చి తాలూకా కప్పు గెలుచుకొచ్చింది. కప్పు గెలిస్తే సంతోషమే గని, గెలిచిన టీము మీద అందరి కండ్లు పడతయి. పక్కనున్న కాశేలిల గోదాముల సేటు ఒకాయన కొత్తగ టీము కడుతుండని, ఆయన కొడుకు పంకజ్ మోటర్‌సైకిలేసుకొని మంచి ఆటగాండ్ల కోసం తిరుగుతుండని వార్త వచ్చింది. ఆడేటోనికి గోదాముల నౌకరి ఇస్తరట. దినం డ్యూటీ, ఐతారం సుట్టి. ఈ మాట విన్నప్పటి సంది సిద్ధిరాములుకు తిన్నది ఒంటికి పడుతలేదు.

ముందుగాల ఈ మనిషి ఎవరో చెప్పాలె. కామారెడ్డి దిక్కు నుంచి, మూతి మీద మీసం రాకముందే తండ్రి ఎంబడి భివండికి వచ్చిండు. సాంచల మీదనే పెరిగిండు. కరెంటు మగ్గాన్ని ఇక్కడ మనోళ్ళు సాంచ అంటరు. వయసుల ఉన్నప్పుడు కబడ్డీ మంచిగనే ఆడిండు. మోకాలు ఇరిగినంక ఆట పోయింది గని ఆశ పోలేదు. తర్వాత కారఖానల ముకాదమైండు. సాంచలు బాగుచేసుడు, ఎవరు ఎప్పుడు నడపాలెనో చెప్పుడు ముకాదం పని. ఆ పెత్తనం చేతికి రాంగనే, ఒంట్ల సత్తువున్న పిలగాండ్లను ఒక్కొక్కరిని పట్టి టీము చేసిండు. ఆయనకు ఇద్దరు బిడ్డలు, పెండ్లిళ్ళు చేసుకొని పోయిన్రు. "కొడుకులు లేరని మా ఆయనకేం బాధ లేదు. ఏడుగురున్నరు, చెడ్డీలేసుకొని దుమ్ముల పొర్లుతరు" అని భార్య గంగాబాయి నలుగుట్ల నవ్వుతుండె.

ఇగ సాంచల పని తీరు కూడ చెప్పాలె, లేకపోతే కథ సమజ్ కాదు. ఒక్క వరుస సాంచలకు ఇద్దరు మనుషులుంటరు. ఒకడు దినం పాళీ, ఒకడు రాత్రి పాళీ. వీళ్ళను జోడీదార్లంటరు. శుక్రారం కరెంటు బంద్, కారఖానకు సుట్టి. ఆనాడు పాళీ మారుతది. ఈ వారం రాత్రి మేల్కున్నోడు వచ్చే వారం పొద్దుగాల వస్తడు. అన్నదమ్ములు జాగల కాడ తలకాయలు పగలగొట్టుకుంటరు గని జోడీదార్లకు పాళీ కాడ పంచాయితే రాదు. కష్టం ఇద్దరికి సమానం, నిద్ర ఇద్దరికి సమానం. ఎవరు రాసింది కాదు, ఎవరు తప్పింది కాదు.

సాగర్, దత్తాత్రి గసోంటి జోడీదార్లు. టీముకు పానం కూడ వాళ్ళే. సాగర్ కూతకు పోతే ఎవన్నో ఒకన్ని ముట్టకుండ మళ్ళడు. జుట్టు ఎగరేసుకుంట గీత దాటుతుంటే ఆడోళ్ళు సుత మేడలెక్కి సూస్తరు. దత్తాత్రిది వేరే తీరు. పెండ్లయినోడు, ఒక చిన్న పాప తండ్రి, మాట తక్కువ. మూలకు నిలబడతడు. ఎదుటోడు దగ్గరికి రాంగనే వంగి కాలు దొరకబడతడు, ఇగ వాడు కదిలేది లేదు. ఈలలన్ని సాగర్‌కు, దుమ్మంత దత్తాత్రికి.

ఒకనాడు చాయ్ తాగేటప్పుడు ఎవరో అననే అన్నరు, "మీ సాగర్ కాశేలి కాడ పంకజ్ బండెనక కూసొని పోతుండు" అని. సిద్ధిరాములు చాయ్ ఆన్నే పెట్టి లేచిండు. వానల తడుసుకుంట సాగర్ రూముకు పోయిండు. పిలగాడు అద్దం ముందల నిలబడి జుట్టు దువ్వుకుంటుండు.

"ఏందిరా, పంకజ్ బండి ఎక్కినవట?"

"ఎక్కిన మామ. అబద్ధమెందుకు చెప్పాలె?" అన్నడు సాగర్. మరాఠీ బడిల చదివినోడు, మాట సగం అటు సగం ఇటు. "కాయ్ కరూ మామ, ఏం చెయ్యాలె? ఈ రాత్ పాళీ నాతోని అయితలేదు. ఆడ దినం డ్యూటీ. మళ్ల బూట్లు, డ్రెస్సు అంత వాళ్ళదే."

"దినం పాళీ నేనిస్త. ఉంటవా?"

"ఎన్ని వారాలు?"

"వారాలేందిరా, ఎప్పటికి! నువ్వు ఉంటననాలె గంతే."

సాగర్ దువ్వెన జేబుల పెట్టుకొని నవ్విండు. "గట్లయితే నేనెందుకు పోత మామ?"

సిద్ధిరాములుకు కొండెక్కినంత సంబురమైంది. ఇంటికొచ్చి గంగాబాయికి చెప్పిండు. ఆమె రొట్టె తిప్పేది ఆపి మొఖం దిక్కు సూసింది.

"ఈయనకు ఎప్పటికి దినమైతే, ఆయనకు ఎప్పటికి రాత్రేనా? దత్తాత్రిని అడిగినవా?"

"అడుగుడేందే? దత్తి గదా! మన పిలగాడు. వాడు ఏడికి పోతడు?"

"నాకైతే మంచిగనిపిస్తలేదయ్యా. ఒక్క మాట అడుగు."

"నీకు కబడ్డీ ఏం తెలుసు, రొట్టె మాడుతుంది సూడు" అని కొట్టి పారేసిండు. ముప్పై ఏండ్ల సంది పాళీలు సూసిన మనిషి, ఇంత చిన్న సంగతి బుర్రకెక్కలే. ఎక్కలేదా, ఎక్కనియ్యలేదా, ఆయనకే తెలువాలె.

శుక్రారం సుట్టినాడు దత్తాత్రి గల్లీల ఎదురైండు, బిడ్డను భుజమ్మీద ఎక్కించుకొని. సిద్ధిరాములు నడుసుకుంటనే చెప్పిండు. "దత్తీ, నువ్వు రాత్రే నడుపు బిడ్డా. సాగర్‌గాడు పోత పోతనని దుంకుతుండు."

"ఎన్నొద్దులు మామ?"

"సూద్దాం తీయ్. సీజన్ రానియ్యి."

దత్తాత్రి బిడ్డను ఈ భుజం మీదికెల్లి ఆ భుజం మీదికి మార్చుకున్నడు. "సరే మామ" అన్నడు. సరే అన్నడు కాబట్టి అయిపోయిందనుకున్నడు మన పెద్దమనిషి.

ఆ వానకాలమంత సిద్ధిరాములు సాగర్ ఎంబడే తిరిగిండు. వడాపావ్ తినిపిచ్చిండు. నూలు తెగని మంచి సాంచలు వానికే ఇచ్చిండు, దారం తెగితే తనే ఉరికిపోయి అతికిచ్చిండు. గల్లీల మోటర్‌సైకిల్ చప్పుడైతే చాలు, చేతుల బోల్టులు బిగిచ్చే పాన పట్టుకొని వాకిట్లకొచ్చి సూసుడు. పంకజ్ కాకపోతే హమ్మయ్య అనుడు. మళ్ల ఇంకో బండి. పొద్దుమూకేదాక ఇదే కథ. గంగాబాయికి సూసి సూసి ఇసుగొచ్చింది. "వాన్ని సాంచకు కట్టేసుకో, పీడ పోతది" అన్నది.

దత్తాత్రి పాళీ దిగేటప్పుడు రోజు కనవడుతుండె. కండ్లు ఎర్రగ, బుగ్గలు లోపలికి పోయి. "మంచిదేనా దత్తీ?" అని ఈయన అడిగేది, "మంచిదే మామ" అని ఆయన పోయేది. అండ్ల ఏం మంచిదో ఇద్దరు ఆలోచించలే.

దసర పోయింది. నేల ఆరింది. సున్నంతోని గీతలు గీసి, కొబ్బరికాయ కొట్టి ఆట మొదలుపెట్టిన్రు. సాగర్ అందరికన్న ముందుగాల వచ్చి నిలబడ్డడు. సిద్ధిరాములు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, వాన్ని చేతికి దక్కించుకున్న గదా అని. దత్తాత్రి రాలే. నిద్రపోయిండేమో అనుకున్నరు. తెల్లారి కూడ రాలే. ఇగ ఆగలేక సిద్ధిరాములు ఆయన రూముకు పోయిండు.

వాకిట్ల దత్తాత్రి భార్య స్వర్ణ కండెలు సుడుతుంది. దండెం మీద పసుపు బనీను ఆరేసి ఉన్నది. దాని మీద కాశేలి గోదాము పేరు.

సిద్ధిరాములు బనీను కొస పట్టుకొని ఆ పేరు మళ్లొక్కసారి సదువుకున్నడు. దత్తాత్రి లోపలికెల్లి వచ్చి పీట ఏసిండు.

"వచ్చే సోమారం సంది ఆడ డ్యూటీ మామ. నేనే వచ్చి చెప్దామనుకున్న."

"ఆ పంకజ్‌గాడు నిన్ను సుత పట్టిండా? వాని చేతులిరగ! వానికి సాగర్ గదా కావాలె?"

"ఆయన నా దగ్గరికి రాలే. నేనే పోయి అడిగిన."

సిద్ధిరాములు పీటను కాలుతోని ఎనకకు నూకిండు. "నాకొక్క మాట చెప్తే నీ నోరు పోతుండెనా? ఇన్నేండ్లు కొడుకు లెక్క సూసుకున్న!"

"ఏం చెప్పాలె మామ? నేను పోత అని చెప్పాల్నా?" దత్తాత్రి గొంతు మొదటిసారి లేచింది. "పోతనన్నోనికి దినం ఇస్తివి. పోతననకుంట పడి ఉన్నోనికి రాత్రి ఇస్తివి. వానకాలమంత నా బిడ్డ నేను పండుకున్నప్పుడు తప్ప నన్ను సూడలే. సాగర్‌ను ఉండురా ఉండురా అని రోజు బతిమాలితివి. నన్ను ఒక్కసారన్న అడిగినవా?"

స్వర్ణ కండెలు సుట్టుడు ఆపింది.

"నువ్వు పోతవని నేను అనుకోలే బిడ్డా" అన్నడు సిద్ధిరాములు.

"అదే మామ నాకు బాధ."

సిద్ధిరాములు ఆయన చేయి పట్టుకున్నడు. "తప్పయింది. ఉండు దత్తీ. రేపటి సంది దినం పాళీ నీదే. సాగర్‌గాన్ని రాత్రికి తోస్త, పోతే పోనీ."

"వాన్ని రాత్రికి తోసుడెందుకు, శుక్రారం శుక్రారం మారిస్తే అయిపోతుండె గదా ఇద్దరికి?" దత్తాత్రి మెల్లగ చేయి ఇడిపిచ్చుకున్నడు. "ఇప్పుడు అడిగితివి, సంతోషం. గని వాళ్ళకు మాటిచ్చిన."

స్వర్ణ చాయ్ తెచ్చింది. సిద్ధిరాములు తాగలేక తాగి లేచిండు. ఇంటికి ఎట్ల పోయిండో ఆయనకే యాది లేదు.

చలికాలం మొదలైనంక కాశేలోళ్ళతోని ఆట పడ్డది. శాంతి నగరంత మైదానం కాడనే ఉన్నది. సాగర్ తొడ కొట్టి కూతకు పోయిండు. ఒకన్ని ముట్టిండు, ఇంకోన్ని ముట్టపోయిండు. మూలకెల్లి దత్తాత్రి వంగిండు. సాగర్ కాలు ఆయన చేతుల పడ్డది. గుంజుకున్నడు, తన్నుకున్నడు, గీత దిక్కు చేయి చాపిండు. అందలే. కూత ఆగిపోయింది.

"శభాష్ దత్తీ! ఇడువకు!"

మైదానమంత ఎనకకు మళ్ళి సూసింది. అరిసింది సిద్ధిరాములు. బల్ల మీద నిలబడి, రెండు చేతులు పైకి లేపి, కండ్లల్లకెల్లి నీళ్ళు కారంగ అరుస్తుండు. అటు దత్తాత్రి సుత తలెత్తి సూసిండు, మళ్ల దుమ్ము దులుపుకొని మూలకు పోయిండు.

సాగర్ మోచేతుల మీద లేచి, నోట్ల మట్టి ఉమ్మి, బల్ల దగ్గరికి వచ్చిండు. మొఖం చిన్నబోయింది.

"మామ, నీ టీమోన్ని నేను గదా?"

సిద్ధిరాములు బల్ల దిగి తువ్వాలతోని మొఖం తుడుసుకున్నడు.

"ఔ బిడ్డా" అన్నడు. "వాడు సుత ఉండె."