మెట్టకూరులో సపోటా చెట్టు సందు దాటిన రోజు

ఈ ప్రయాణం ఒక వాదనతో మొదలైంది. మా మనవరాలు హారిక యానాంలో తోటలు వేసిపెట్టే వ్యాపారం మొదలుపెట్టి రెండేళ్ళయింది. జనం ఇళ్ళ ముందు దిబ్బలు పోసి, రాళ్ళు పేర్చి, తామర కుంటలు తవ్వి ఇస్తుంది. అందుకోసమని చేతులు మారిన మినీ పొక్లెయిన్ ఒకటి కొంది. తోటపనికి పొక్లెయినేమిటే, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా అన్నాను. "ఎనిమిదేళ్ళ సపోటా చెట్టుని పెరట్లోంచి ఇంటి ముందుకి తెస్తున్నాను. వచ్చి చూడు అమ్మమ్మా" అంది. ముప్పై ఏళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. కాసే చెట్టును పెకలిస్తే బతకదని తేల్చి చెప్పాను. అంతటితో ఊరుకోకుండా, అది ఎలా చస్తుందో కళ్ళారా చూద్దామని జూలైలో ఒక శనివారం బయల్దేరాను. నా వయసులో వినోదాలు తక్కువ.

కాకినాడ నుంచి యానాం దగ్గరే. అమలాపురం వైపు వెళ్ళే బస్సు ఏదెక్కినా దింపుతుంది. ఆరుంబావుకి ఎక్కి ఏడున్నరకల్లా దిగాను, టికెట్టు యాభై రూపాయల లోపే. ముందురోజు కురిసిన వానకి తాళ్ళరేవు దాటాక రోడ్డు పక్క పొలాలేవో చెరువులేవో తెలియలేదు. బస్టాండు దగ్గర బండి మీద పెసరట్టు వేస్తున్నావిడ "ఉల్లిపాయ వెయ్యమంటారా మామ్మగారూ, నమలగలరా?" అని అడిగింది. "పళ్ళన్నీ నావే, వెయ్యి" అన్నాను. "ఆయ్, అయితే పచ్చిమిరపకాయలు కూడా ఏత్తానండి" అంది. వేసింది కూడా. అట్టు నలభై రూపాయలు, కన్నీళ్ళు ఉచితం.

యానాంలోనే ఉన్న మెట్టకూరుకి ఆటో అరవై అడిగాడు, నలభైకి ఒప్పుకున్నాడు. ఎవరింటికని అడిగితే, సుగుణ టీచరు గారింట్లో చెట్టు కదిలిస్తున్నారట, అక్కడికి అన్నాను.

"ఆయ్! బుల్లి పొక్లెయిన్ అమ్మాయి దగ్గరికాండీ? మా బావమరిది పెరట్లో కుంట తవ్విందండి. ఆ బండి మంచం కింద కూడా దూరిపోద్దండి!"

"నువ్వు చూశావా?"

"నేను చూళ్ళేదండి, మా బావమరిది చెప్పాడండి."

మీ బావమరిది మంచం ఎంత ఎత్తయ్యా అని అడిగేలోపు ఇల్లు వచ్చేసింది.

సుగుణ గారు బడిలో పనిచేసి రిటైరైన రోజున నాటుకున్న చెట్టు అది. ఇప్పుడు ఆవిడ భర్త దానియేలు గారికి మోకాళ్ళ ఆపరేషను జరిగింది. మేడ మీద పడకగదికి ఎక్కలేరు. కింద ఒక గది, దాన్ని ఆనుకుని స్నానాలగది కట్టాలంటే చోటు ఒక్కటే, చెట్టున్న పెరడు. "కొట్టెయ్యమని తాపీమేస్త్రికి నేనే చెప్పానండి. చెప్పాక అటువైపు కిటికీ తెరవడం మానేశాను" అన్నారావిడ, నాకు కాఫీ ఇస్తూ. అప్పుడెవరో హారిక గురించి చెప్పారట. పునాది తవ్వేవాళ్ళు మర్నాడు పొద్దున్నే వస్తారు. ఈ సాయంత్రంలోగా చెట్టు బయటికి రాకపోతే రేపు గొడ్డలే.

పెరట్లోంచి ముందుకి రావడానికి ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య మూడున్నర అడుగుల సందే దారి. హారిక బండి వెడల్పు మూడడుగుల మూడంగుళాలు. ఇనప పట్టాల మీద పాకే ఆ పసుపుపచ్చ యంత్రాన్ని హారిక వెనక్కి చూసుకుంటూ సందులోంచి లోపలికి తీసుకెళ్తుంటే నేను గోడనే చూస్తూ నిలబడ్డాను. సున్నం కూడా రాలలేదు. ఈ పిల్లకి చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించడం నేర్పడానికి నాకు రెండు వేసవి సెలవులు పట్టాయి.

నా అనుమానాలన్నిటికీ దాని దగ్గర ముందే జవాబులున్నాయి. నెల కిందటే చెట్టు చుట్టూ గాడి కొట్టి, పక్క వేళ్ళు కోసి, కొత్త పీచు వేళ్ళు పుట్టేదాకా ఆగిందట. కొమ్మల్లో మూడోవంతు తీసేసింది. మిగిలినవాటిని కలిపి గోనెలు చుట్టింది. తొమ్మిదింటికి తవ్వడం మొదలుపెట్టింది. ఆ ఇనప చెయ్యి మట్టిలోకి దిగి, వేరు తగిలిన చోట ఆగి, పక్కకి జరిగి మళ్ళీ దిగుతోంది. పాపకి చిక్కు తీసే తల్లి దువ్వెన అలాగే ఆగుతుంది. ఎదురుగా నిలబడి కాఫీ చల్లార్చుకున్నాను. పదకొండున్నరకి చెట్టు మట్టిగడ్డతో సహా ఒక ఇనప రేకు మీద ఒరిగి పడుకుంది. రేకుకి గొలుసు, గొలుసుకి బండి. లాగడమే తరువాయి.

సందు సగం దాటాక రేకు ఆగిపోయింది. వాన తాగిన గోదారి బంకమన్ను రేకును కిందినుంచి పీల్చి పట్టుకుంది. బండి పట్టాలు ఉన్నచోటే తిరుగుతూ, ఇంటి గోడ పాదం వైపు మట్టిని తోడేయడం మొదలుపెట్టాయి. సుగుణ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు ప్రహరీ పైనుంచి ఒక గొంతు లేచింది. పక్కింటి నూకరాజు, చేపలవేట ఆయన పని.

"ఆపెయ్ పాపా, ఆపెయ్! ఇంకో రెండుసార్లు తిప్పేవంటే టీచరు గారి గోడ నీ ఒళ్ళో పడద్ది!"

హారిక ఇంజను ఆపింది. "జాకీ పెట్టి లేపుదామా బాబాయ్?"

"జాకీ దేన్ని ఆనుద్ది, బురదనా? ఎప్పుడైనా పడవ లాగేవా నువ్వు?"

"లేదు."

"మరి సదువుకున్నావన్నారు?"

నేను నవ్వాను. నన్నెవరూ ఆ పరీక్ష అడగలేదు గనక గట్టిగానే నవ్వాను.

నూకరాజు తన పెరట్లోకి వెళ్ళి, గెల కోసేసిన అరటి బోదెలు నాలుగు నరికి, నిలువునా చీల్చి తెచ్చాడు. గొలుసు పొట్టి చేయించి, హారిక చేత బండి ఇనప చేత్తో రేకు ముందు అంచుని జానెడు లేపించాడు. రేకు కింద ఆ ఖాళీలోకి బోదె చెక్కల్ని, చీరిన తడి వైపు పైకి ఉండేలా, అడ్డంగా తోశాడు. బండి పట్టాల కింద కొబ్బరి మట్టలు పరిపించాడు. "పడవని ఏట్లోకి దింపాలంటే మాకు ఇదే రోడ్డండి మామ్మగారూ. నూనె కొనక్కర్లేదు, దేవుడు లోపలే పోసేశాడు" అని నాకు పాఠం చెప్పాడు. అరటి కాండంలో నీటిశాతం ఎంతో నేను ఎన్ని పరీక్ష పేపర్లలో అడిగానో! దాని మీద చెట్టు నడుస్తుందని నాకు తెలియదు.

"ఇప్పుడు లాగు. కంగారు పడకు, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తే" అన్నాడు.

రేకు కదిలింది. పట్టుబట్ట మీద ఇస్త్రీపెట్టెలా జారింది. వెనక బయటపడిన బోదెని తీసి మళ్ళీ ముందు పరుస్తూ, నూకరాజు, హారిక దగ్గర పనిచేసే ఇద్దరు, పాతిక అడుగుల సందులో మిగిలిన సగాన్ని ముప్పావుగంటలో దాటించారు. టన్నున్నర ఇనుము, నాలుగు అరటి బోదెలు, ఒకరి సైగ, ఒకరి చెయ్యి. కొమ్మల్లో ఎక్కడో కోయడం మరిచిన సపోటా పిందె ఒకటి చివరిదాకా ఊగుతూనే ఉంది, రాలలేదు. అది చూస్తూ ఎంతసేపు ఊపిరి పట్టానో, బయటికి వచ్చాకే తెలిసింది.

ఇంటి ముందు గొయ్యి తవ్వలేదు. యానాంలో రెండడుగులు తవ్వితే బావే. అందుకని హారిక ముందురోజే అదే బండితో నడుమెత్తు దిబ్బ పోసి ఉంచింది. యంత్రం చెట్టుని లేపి దిబ్బ మీద నిలబెడుతుంటే సుగుణ గారు గేటు దగ్గర నిలబడి ఆజ్ఞలిచ్చారు: "కొంచెం కుడికి. ఇంకొంచెం. ఆఁ, నిటారుగా!" వాకర్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన దానియేలు గారు "ముప్పై అయిదేళ్ళు పిల్లల్ని ఇలాగే నిలబెట్టింది. ఒక్కడూ ఒంగలేదండి" అన్నారు నాతో.

మట్టి తొక్కి నీళ్ళు పోసేసరికి మూడున్నర. టీచరు గారు అందర్నీ నిలబెట్టి ప్రార్థన చేశారు. "ప్రభువా, ఈ పిల్ల చేతుల్ని దీవించు. నూకరాజుని దీవించు. అనుమానంతో వచ్చిన పెద్దావిణ్ణి కూడా దీవించు." నా సంగతి ఆవిడకి చెప్పిందెవరో అడగక్కర్లేదు. కళ్ళు మూసుకోవలసిన మనవరాలు ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది. ఆ తర్వాత రొయ్యల కూరతో భోజనం పెట్టారు. అయిదింటి బస్సుకి తిరిగి వచ్చేశాను.

పది రోజుల్లో చెట్టు ఆకులన్నీ రాల్చేసింది. సుగుణ గారు రోజూ ఫోను చేసేవారు. నేను చెప్పలేదా అనడానికి ఇంతకంటే మంచి అవకాశం నాకు రాదు, కానీ నోరు రాలేదు. జీవితంలో మొదటిసారి నా మాట తప్పుకావాలని కోరుకున్నాను. అంత బలమున్న ఇనుము ఒక వేరు దగ్గర ఆగడం చూశాక, అంత అనుభవమున్న నేను ఆగకుండా తీర్పు చెప్పడం నాకే ఎబ్బెట్టుగా తోచింది. ఆరోవారంలో ఫోనెత్తగానే ఆవిడ గొంతు వినిపించింది: "మొదలు దగ్గర చిగురండీ! ఆయన వాకర్ లేకుండా వచ్చి చూశారు. పడిపోతారని నేను తిట్టాననుకోండి."

మీరూ చెట్టు కదిలించే ఉద్దేశంతో ఉంటే ఒక సలహా. ఆకులు రాలాయని చెట్టు పోయిందనుకోకండి. చిటికెనవేలి గోటితో బెరడు కాస్త గీరండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది. కాని నెలకి ఒక్కసారే గీరండి. టీచరు గారు మొదటి వారంలోనే పదకొండు చోట్ల గీరారు, చెట్టు వాటినీ తట్టుకుంది.